యాసిడ్ ప్లాంట్‌లో కాపలా కాసేది నీళ్లని

నీ ప్రశ్నలన్నీ ఒకచోట రాస్తున్నా నాయనా, వెనకాల చదివేవాళ్లకు తలా తోకా తెలియాలి గదా. చిత్తూరులో నీ బీఎస్సీ కెమిస్ట్రీ అయింది. చెన్నై అవతల ఒక సల్ఫ్యూరిక్ యాసిడ్ ప్లాంట్‌లో నిన్ను ట్రైనీ ఆపరేటర్‌గా రమ్మన్నారు. పుస్తకంలో చూస్తే ఉండేది మూడే సమీకరణాలు: గంధకం కాలిస్తే సల్ఫర్ డయాక్సైడ్, దానికి ఇంకొంచెం ఆక్సిజన్ ఎక్కిస్తే సల్ఫర్ ట్రయాక్సైడ్, దానికి నీళ్లు కలిస్తే యాసిడ్. ఇంతదానికి అంత పెద్ద ప్లాంట్ ఎందుకు, ట్రయాక్సైడ్‌ని నేరుగా నీళ్లలో కలపకుండా మధ్యలో ఓలియం (ట్రయాక్సైడ్ కరిగిన గాఢ యాసిడ్) ఎందుకు, చేరేలోపల ఏం చదువుకోవాలి. అన్నిటికంటే ముఖ్యం, యాసిడ్ ఫ్యాక్టరీ అనగానే అమ్మ అన్నం మానేసి కూర్చుంది, పోవచ్చా వద్దా.

ముందు నా సంగతి. మాది పాకాల పక్కన పల్లె. 31 ఏళ్లు యాసిడ్ ప్లాంట్లలోనే చేశాను, చివరి పదేళ్లు షిఫ్ట్ ఇన్‌చార్జిగా. రిటైరయ్యాక తిరుపతిలో కరకంబాడి రోడ్డు వైపు ఇల్లు కట్టుకున్నా. పొద్దున టీకని రోడ్డెక్కితే ఎప్పుడన్నా ఒక ట్యాంకర్ పోతుంటుంది, వెనక నారింజ రంగు పలక మీద 1830 అని రాసుంటుంది. ఆ నంబరు సల్ఫ్యూరిక్ యాసిడ్‌ది, ఏ దేశంలోనైనా అదే. చూడగానే పాత స్నేహితుడు ఎదురైనట్టుంటుంది నాకు. మా ఆవిడ మాత్రం ‘యాసిడ్ బండిని చూసి నవ్వే మనిషి ఈ ఊళ్లో మీరొక్కరే’ అంటుంది.

పోవచ్చు. పొమ్మనే చెప్తున్నా. కాకపోతే ఒక సంగతి బుర్రలో పెట్టుకుని పో. గంధకాన్ని అంటిస్తే దానంతటదే కాలుతుంది, కేటలిస్ట్ (తాను మారకుండా చర్యను నడిపించేది) మీదికి పంపితే దానంతటదే మారుతుంది, అందులో నీ గొప్పా నా గొప్పా ఏమీ లేదు. ఆపరేటర్‌కి జీతమిచ్చేది ఎందుకంటే, నీళ్లు ఎక్కడుండాలో అక్కడే ఉండేటట్టు, ఎంతుండాలో అంతే ఉండేటట్టు, ఇంకెక్కడా ఒక్క చుక్క దూరకుండా చూడ్డానికి. నీ ప్రశ్నలన్నిటికీ జవాబు ఈ నీళ్ల దగ్గరే దొరుకుతుంది.

ఓలియంతో మొదలెడదాం. ఇంటర్ పుస్తకం చదివిన ప్రతివాడూ అదే పట్టుకుని వస్తాడు. ట్రయాక్సైడ్‌ని గాఢమైన యాసిడ్‌లో కలిపితే ఓలియం, దాన్ని నీళ్లతో పలచన చేస్తే యాసిడ్, ఇదీ పుస్తకం మాట. నేను చేసిన ప్లాంట్లలో ఎరువుల కోసం యాసిడ్ తీసేచోట ఓలియం ఊసే లేదు. రంగుల వాళ్లకో, డిటర్జెంట్ వాళ్లకో, పేలుడు మందుల వాళ్లకో కావాలంటే దానికి వేరే టవర్ పెడతారు. మామూలుగా జరిగేది ఇంతే: 98.5 శాతం యాసిడ్ టవర్ పైనుంచి పింగాణీ ముక్కల మీదుగా వానలా దిగుతుంది, గ్యాస్ కిందినుంచి ఎక్కుతుంది. ట్రయాక్సైడ్ ఆ యాసిడ్‌లో కరిగి దాన్ని ఇంకాస్త చిక్కన చేస్తుంది. చిక్కబడింది కింద ట్యాంకులో పడుతుంది, అక్కడ కొలిచి నీళ్లు వదుల్తారు, మళ్లీ 98.5 అవుతుంది, పంపు దాన్ని మళ్లీ పైకెత్తుతుంది. పెరిగినంత పక్కకు తీసి అమ్ముకుంటారు. యాసిడే యాసిడ్‌ని పట్టుకుంటుందన్న మాట, పెరుగు తోడుతో పెరుగు చేసినట్టు.

మరి నేరుగా నీళ్లు పోస్తే ఏమి? నీళ్ల పైన ఎప్పుడూ ఆవిరి ఉంటుంది. ట్రయాక్సైడ్ వాయువు నీళ్లను తాకేలోపలే ఆ ఆవిరితో కలిసిపోయి సన్నని యాసిడ్ మంచు అవుతుంది. ఆ తుంపర ఎంత సన్నమంటే చాలావరకు మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) లోపే. ఒకసారి అలా మంచు కట్టిందంటే ఎన్ని నీళ్లలో బుడగలుగా పోనిచ్చినా తడవదు, బుడగ లోపలే తేలుకుంటూ అవతలికి పోతుంది, చిమ్నీలోంచి తెల్లగా ఊరి మీద పడుతుంది. 98.3 శాతం దగ్గర యాసిడ్ ఆవిర్లు అన్నిటికంటే తక్కువ. అంతకంటే పలచనైతే దానిమీద నీటి ఆవిరి లేస్తుంది, మంచు మొదలు. అంతకంటే చిక్కనైతే యాసిడ్ మీదినుంచి ట్రయాక్సైడే లేచి పోతుంది, అప్పుడూ చిమ్నీ తెల్లబడుతుంది. ఆ సందులోనే నిలబెట్టాలి. కంట్రోల్ రూమ్‌లో నీ కళ్లు రోజంతా దశాంశం తర్వాతి అంకె మీదే ఉంటాయి.

ఇప్పుడొక లెక్క. ఇంటర్వ్యూలో ఎవరూ అడగరు గానీ నాకిది చాలా ఇష్టం. టన్ను యాసిడ్‌కి గంధకం 327 కిలోలు కావాలి, నీళ్లు 184 కిలోలు. గంధకం కాల్చడానికి, డయాక్సైడ్‌ని ట్రయాక్సైడ్ చెయ్యడానికి కలిపి గాలి రెండున్నర టన్నుల పైనే పోతుంది. సముద్రం పక్కన ఉక్కపోత రోజున కిలో గాలిలో 20 గ్రాముల దాకా తేమ ఉంటుంది. గుణించు. టన్ను యాసిడ్‌కి 50 కిలోల పైన నీళ్లు గాలితోనే లోపలికి వచ్చేస్తున్నాయి. రోజుకు 1,000 టన్నులు తీసే ప్లాంట్ అయితే 50 టన్నుల నీళ్లు, అంటే వీధుల్లో తిరిగే పెద్ద నీళ్ల ట్యాంకర్లు ఐదు, ఎవరూ పైపు పెట్టకుండా, కంటికి కనబడకుండా. యాసిడ్‌కి కావలసిన నీళ్లలో పావు వంతుకు పైన ఆకాశమే పోస్తోంది. మే నెలలో రేణిగుంట గాలి పీల్చే ప్లాంట్‌కీ, నవంబరు ముసురులో ఎన్నూరు గాలి పీల్చే ప్లాంట్‌కీ అందుకే వదిలే నీళ్ల లెక్క మారిపోతుంది.

ఆ నీళ్లు తప్పుచోట వస్తున్నాయి, అదే బాధ. గాలిలో తేమ గంధకం కాల్చే కొలిమిలోకి పోతే ఆవిరవుతుంది, కన్వర్టర్ (కేటలిస్ట్ మీద డయాక్సైడ్ ట్రయాక్సైడ్ అయ్యే చోటు) దాటాక ట్రయాక్సైడ్‌తో కలిసి యాసిడ్ ఆవిరవుతుంది, గొట్టాల్లో ఎక్కడ కాస్త చల్లగా ఉంటే అక్కడ చెమ్మగా దిగి ఇనుమును తినేస్తుంది. అందుకని గాలిని ముందు డ్రైయింగ్ టవర్‌లో యాసిడ్‌తోనే కడుగుతారు. కడుగుతారు అనకూడదేమో, ఆరబెడతారు. గాఢ యాసిడ్‌కి నీళ్లంటే అంత ఆశ.

ఆ టవర్ సరిగా పనిచేస్తోందా అని చూడ్డానికి మీటర్లున్నాయి గానీ నేను నమ్మింది చెక్క పుల్లని. కొత్తగా చెక్కిన తెల్ల చెక్క, మూరెడు పొడవు. టవర్ దాటాక గొట్టానికి ఒక చిన్న మూత ఉంటుంది, దాంట్లోంచి పుల్లను గాలి వాటానికి అడ్డంగా నిమిషం సేపు పట్టుకుని తియ్యాలి. తెల్లగా వచ్చిందా, మంచిది. సూదితో పొడిచినట్టు నల్లటి చుక్కలున్నాయా, టవర్ నుంచి యాసిడ్ తుంపర కొట్టుకొస్తోంది, పైన తుంపరను ఆపే మిస్ట్ ప్యాడ్ చిరిగిందో, యాసిడ్ పంచే తొట్టి పక్కకు ఒరిగిందో. పుల్ల మొత్తం కాఫీ రంగుకు తిరిగిందంటే మంచు. తేదీ రాసి పాత పుల్లలన్నీ ఒక పౌడర్ డబ్బాలో దాచేవాణ్ణి. లక్షలు పోసి కొన్న ఎనలైజర్ ఒకసారి అబద్ధం చెప్పింది గానీ ఆ డబ్బా ఎప్పుడూ చెప్పలేదు. మూత తీసేటప్పుడు గొట్టం లోపల ఒత్తిడి ఎంతుందో, గాలి ఎటు కొడుతోందో అడగకుండా మాత్రం ముట్టుకోవద్దు, ఫేస్ షీల్డ్ లేకుండా అసలే వద్దు.

గంధకం సంగతి త్వరగా చెప్పేస్తా. రిఫైనరీల్లో పెట్రోలు, డీజిలు నుంచి తీసేసిన గంధకమే ఇప్పుడు మనకొచ్చేది, మణలి, విశాఖ రిఫైనరీల్లాంటి చోట్ల నుంచి కొంత, ఓడల్లో కొంత. గుంటలో ఆవిరి కాయిల్స్ పెట్టి కరిగిస్తారు. 119 డిగ్రీల దగ్గర కరుగుతుంది, 140 దగ్గర లేత పాకంలా హాయిగా జారుతుంది. మామూలుగా ద్రవం ఏదైనా వేడి చేస్తే పలచనవుతుంది. ఇది మాత్రం 160 దాటగానే లడ్డూ పాకం ముదిరినట్టు ముదిరి, ఎర్రగా తిరిగి, పంపులో బంకలా కూర్చుంటుంది. అందుకే గొట్టం చుట్టూ ఆవిరి తొడుగు, 135కీ 150కీ మధ్య. వానలో తడిసిన గంధకం వేస్తే గుంటలో నురగ పొంగుతుంది, చూశావా, ఇక్కడా నీళ్లే. గంధకం మంట నీలంగా ఉంటుంది, పగటి వెలుగులో సరిగా కనబడదు. వాసన తగిలి కళ్లు మండుతున్నాయంటే మంట ఎక్కడుందని వెతుక్కుంటూ పోవద్దు, ముందు గాలికి ఎదురు దిక్కుకు నడువు.

కొలిమిలో 1,000 డిగ్రీల పైన కాలుతుంది, గ్యాస్‌లో 10, 11 శాతం డయాక్సైడ్ ఉంటుంది. దాన్ని బాయిలర్‌లో 420 డిగ్రీల దాకా చల్లార్చి కన్వర్టర్‌కి పంపుతారు. నువ్వడిగిన ‘అంత పెద్ద ప్లాంట్’లో సగం ఈ వేడిని పట్టుకోడానికే. మూడు చర్యలూ వేడి పుట్టించేవే. అంతా కలిపితే టన్ను యాసిడ్‌కి 50 లక్షల కిలోజౌళ్ల పైనే. 1,000 టన్నుల ప్లాంట్ గంటకు 50 టన్నుల ఆవిరి ఇస్తుంది, టర్బైన్ తిప్పితే పది మెగావాట్ల దాకా కరెంటు. కొన్నేళ్లు యాసిడ్ రేటు పడిపోయినప్పుడు మా ప్లాంట్‌ని నిలబెట్టింది ఆవిరే. బాయిలర్ సర్టిఫికెట్ ఉన్నవాడికి యాసిడ్ ప్లాంట్‌లో అంత విలువ ఎందుకో ఇప్పుడర్థమయ్యుంటుంది. వీలైతే ఆ పరీక్ష రాయి.

కన్వర్టర్ దగ్గర కాస్త ఆగుదాం. లోపల అంతస్తులు అంతస్తులుగా వనేడియం కేటలిస్ట్, మురుకుల ముక్కల్లాంటి రింగులు. వనేడియం పెంటాక్సైడ్ ఆరేడు శాతమే, మిగతాది పొటాషియం లవణాలు, సిలికా. పనిచేసే వేడిలో ఆ లవణాలు సిలికా రంధ్రాల్లో కరిగి ద్రవంగా ఉంటాయి, చర్య జరిగేది ఆ ద్రవంలో. 400 డిగ్రీల కింద అది గడ్డకట్టి నిద్రపోతుంది. ఇక చిక్కేమంటే, చర్య జరిగేకొద్దీ వేడి పెరుగుతుంది, వేడి పెరిగేకొద్దీ ట్రయాక్సైడ్ వెనక్కు విడిపోవాలని చూస్తుంది. మొదటి అంతస్తులో 420తో దిగిన గ్యాస్ 600 పైన బయటికొస్తుంది, అప్పటికి 60 శాతం పైచిలుకు మారి ఆగిపోతుంది. చల్లార్చి రెండోదానికి, మళ్లీ చల్లార్చి మూడోదానికి పంపితే 95 దాకా లాగొచ్చు. ఆపైన ఎంత కేటలిస్ట్ పోసినా గ్యాస్ మొండికేస్తుంది.

దీనికి తిరుమలలో క్యూ కాంప్లెక్స్ గుర్తు తెచ్చుకో. ముందు కంపార్ట్‌మెంట్‌లో జనం నిండిపోతే వెనకవాళ్లు ఎంత నెట్టుకున్నా కదలరు, ముందు గేటు తీసి వాళ్లను పంపిస్తేనే లైను నడుస్తుంది. ఇక్కడా అంతే. మూడో అంతస్తు తర్వాత గ్యాస్‌ని బయటికి తీసుకుపోయి ఒక టవర్‌లో ట్రయాక్సైడ్ అంతా యాసిడ్‌కి పట్టించేస్తారు, మిగిలిన కాస్త డయాక్సైడ్‌ని మళ్లీ వేడి చేసి నాలుగో అంతస్తుకు పంపుతారు. అడ్డం లేచిపోయింది కాబట్టి అది హాయిగా మారుతుంది, 99.7 శాతం దాటుతుంది. తర్వాత చివరి టవర్, చిమ్నీ. దీన్ని డబుల్ అబ్జార్ప్షన్ అంటారు, బేయర్ వాళ్లు 1960లలో తెచ్చారు. ప్లాంట్‌లో ఐపాట్, ఫాట్ అని వినబడతాయి, మధ్య టవర్, చివరి టవర్ అని అర్థం, కంగారు పడకు.

అసలు కేటలిస్ట్ మీద డయాక్సైడ్‌ని మార్చొచ్చని 1831లో పేటెంట్ తీసుకున్నది ఒక వెనిగర్ వ్యాపారి, బ్రిస్టల్‌లో పెరిగ్రీన్ ఫిలిప్స్ అని. ఆయన వాడింది ప్లాటినం. అది గంధకంలో ఆర్సెనిక్ కాస్త ఉన్నా చచ్చిపోయేది, పైగా ఖరీదైన వ్యవహారం. ఆయన కాలంలో దాన్ని పట్టించుకున్నవాళ్లు లేరు. 1746లో రోబక్ మొదలుపెట్టిన సీసపు గదుల పద్ధతే ఆ తర్వాత కూడా చాలా దశాబ్దాలు రాజ్యమేలింది. ఆ గదుల్లో వచ్చేది పలచని యాసిడ్. మన పక్కన రాణిపేటలో పారీ కంపెనీ 1906లోనే సూపర్ ఫాస్ఫేట్ ఫ్యాక్టరీ పెట్టింది, సూపర్ ఫాస్ఫేట్ అంటే రాక్ ఫాస్ఫేట్ మీద సల్ఫ్యూరిక్ యాసిడ్ పోసి చేసేదే. అప్పటికి చిత్తూరు జిల్లా అన్నదే లేదు, 1911లో వచ్చింది. చిత్తూరు, రాణిపేట రెండూ ఉత్తర ఆర్కాటులోవే. యాసిడ్ మన పక్క కొత్తగా వచ్చిన దయ్యమేమీ కాదని అమ్మకు చెప్పు.

ఇప్పుడు నేను తప్పు చేసిన రాత్రి. కంపెనీ పేరు, ఊరు పేరు చెప్పను. నవంబరు, మూడు రోజులుగా వాన. రాత్రి షిఫ్ట్‌లో పదకొండింటికి మధ్య టవర్ యాసిడ్ 98.5 నుంచి 98.2కి వచ్చింది. తేమ రోజులు గదా అనుకుని నీళ్లు వదిలే వాల్వు తగ్గించాం. పన్నెండున్నరకు 97.9. వాల్వు చూస్తే పూర్తిగా మూసి ఉంది. ఒక్క చుక్క నీళ్లు వదలకుండా యాసిడ్ పలచనవుతోంది. మీటరు పిచ్చిదై ఉంటుందన్నాడు మా జూనియర్. ల్యాబ్ కుర్రాడు సాంపిల్ పట్టుకుని టైట్రేట్ చేశాడు, మీటరు నిజమే. పై ఆఫీసరుకు ఫోన్ చేస్తే ‘పొద్దున్నే ట్యాంకర్ల లోడింగ్ ఉంది, రాత్రికి లాగెయ్యండి, తెల్లారి చూద్దాం’ అన్నాడు. సరేనన్నాను. అదీ నా తప్పు. వాల్వు మూసి ఉండగా నీళ్లు వస్తున్నాయంటే అవి ఇంకెక్కడినుంచో రావాలి, ఆ పరిసరాల్లో ఒత్తిడితో నీళ్లుండేది బాయిలర్‌లో, ఎకనమైజర్‌లో (బాయిలర్‌కి పోయే నీళ్లను ముందే కాచే గొట్టాలవి), యాసిడ్ కూలర్‌లో. మూడంటే మూడే చోట్లు. లాగ్ బుక్‌లో బాయిలర్‌కి పోయే నీళ్లు, వచ్చే ఆవిరి పక్కపక్కనే రాసి ఉన్నాయి, తేడా సాయంత్రం నుంచి పెరుగుతోంది. నా చేత్తో రాసిన అంకెలే. చూసి కూడా చూడలేదు.

మూడు గంటలకు ఒక హెల్పర్ వచ్చి ఎకనమైజర్ కింద డ్రెయిన్ నుంచి ఏదో ఆకుపచ్చగా కారుతోందన్నాడు. టార్చి వేసి చూస్తే లేత ఆకుపచ్చ రంగు నీళ్లు, సన్నటి దారంలా. ఇనుము కరిగిన పలచని యాసిడ్. ఇక ఎవర్నీ అడగకుండా ప్లాంట్ ఆపేశాం. తర్వాత తెరిస్తే ఒక ట్యూబుకి పెన్ను రీఫిల్ దూరేంత చిల్లు, దాని ఎదురుగా గోడ రేకు కాగితంలా అయింది. చివర్లో యాసిడ్ మంచును పట్టే క్యాండిల్ ఫిల్టర్లు కొన్ని మార్చాల్సి వచ్చింది. పదకొండు రోజులు ప్లాంట్ పడుకుంది. ‘ఎందుకు ముందే ఆపలేదు’ అని నన్నే అడిగారు, ఫోన్‌లో చెప్పిన మాట ఎక్కడా రాసి లేదు గదా. అప్పటినుంచి పై నుంచి వచ్చిన ప్రతి మాటా టైముతో సహా లాగ్ బుక్‌లో రాసేవాణ్ణి. నువ్వూ రాయి.

డబ్బు నష్టం కంటే పెద్ద సంగతి ఇంకోటుంది. పలచని యాసిడ్ ఇనుమును తింటే హైడ్రోజన్ వస్తుంది. ప్లాంట్ నడుస్తున్నంతసేపు గాలి దాన్ని ఊడ్చేస్తుంది, ఆపగానే టవర్ పైభాగంలో గూడు కడుతుంది. అప్పుడు మూత తెరిచి వెల్డింగ్ మిషను తెచ్చారనుకో, టవర్ కప్పు ఎగిరిపోతుంది. అందుకే లీకు అనుమానం ఉన్న ప్లాంట్‌లో ముందు నీళ్ల ఒత్తిడి దించి నీళ్లు వంపెయ్యాలి, గాలి బాగా పట్టించాలి, గ్యాస్ టెస్ట్ చెయ్యాలి, అప్పుడే రెంచీ ముట్టాలి.

ట్యాంకుల సంగతీ ఇదే. 98 శాతం యాసిడ్‌ని మామూలు ఇనుప ట్యాంకులో పోస్తారంటే నీకు నమ్మబుద్ధి కాదు. యాసిడ్ ఇనుము మీద పలచటి ఐరన్ సల్ఫేట్ పొర కట్టి తనంతట తానే ఆగిపోతుంది. అదే యాసిడ్‌కి నీళ్లు తగిలితే పొర కరిగిపోయి ట్యాంకును తినడం మొదలెడుతుంది. వాల్వు దగ్గర కారిన ఒక్క చుక్క గాలిలో తేమ పీల్చుకుని పలచనై, లోపలి పైపు బాగానే ఉండగా బయటి బోల్టుల్ని తినేస్తుంది. నిండుగా ఉన్న ట్యాంకు సాధువు. కడగడానికి ఖాళీ చేసిన ట్యాంకు దగ్గరే జాగ్రత్త పడాలి. పలచన చేసేటప్పుడు నీళ్లలో యాసిడ్ పొయ్యాలి, యాసిడ్‌లో నీళ్లు పొయ్యకూడదని నువ్వు ఎప్పుడో చదివుంటావు. సున్నపు రాళ్ల మీద నీళ్లు చల్లితే ఎట్లా కుతకుత ఉడుకుతుందో చూశావు గదా, అట్లా ఉడికి ముఖం మీదికి చిమ్ముతుంది. లీలామహల్ సర్కిల్ దగ్గర నేను ఇన్వర్టర్ బ్యాటరీ తీసుకున్న షాపు కుర్రాడు పదో తరగతి కూడా ముగించలేదు, కానీ ప్లాస్టిక్ డబ్బాలో నీళ్లు పెట్టుకుని యాసిడ్ సన్నధారగా వదుల్తూ, మధ్యమధ్యలో హైడ్రోమీటర్ ముంచి సాంద్రత 1.28 వచ్చేదాకా ఓపిగ్గా కూర్చున్నాడు. దాన్ని చూసి నాకు ముచ్చటేసింది. కరకంబాడి వైపు అమరరాజా లాంటి బ్యాటరీ ఫ్యాక్టరీలకు కావలసింది ఇనుము బాగా తక్కువున్న యాసిడ్, భారతీయ ప్రమాణాల్లో దానికి బ్యాటరీ గ్రేడ్ అని వేరే పెట్టారు. ఎరువుల యాసిడ్ దానికి పనికిరాదు.

ఇదంతా ఎక్కడికి పోతుందంటే, సగానికి పైన ఎరువులకే. రాక్ ఫాస్ఫేట్‌కి యాసిడ్ పోస్తే ఫాస్ఫారిక్ యాసిడ్, దాన్నుంచి డీఏపీ. పక్కన మిగిలేది జిప్సం. మీ తాత వేరుశెనగ వేసుంటే అడుగు, ఊడలు దిగేటప్పుడు ఎకరాకు 200 కిలోలు చల్లే జిప్సం చాలాసార్లు ఆ గుట్టల నుంచి వచ్చిందే. రాగి, జింకు స్మెల్టర్లలోనూ (ఖనిజాన్ని కరిగించి లోహం తీసే ఫ్యాక్టరీలు) పొగలో పోయే డయాక్సైడ్‌ని పట్టి యాసిడ్ చేస్తారు. తూత్తుకుడి రాగి స్మెల్టర్ 2018 మే నెలలో మూతపడ్డాక దక్షిణాదిలో యాసిడ్‌కి కటకట వచ్చి రేటు ఎగిరింది, అప్పుడు గంధకం కాల్చే ప్లాంట్లలో మాకు ఓవర్‌టైమ్ మీద ఓవర్‌టైమ్.

అమ్మ భయం గురించి. అది ఉత్త భయమని నేననను. యాసిడ్ ఒళ్లు కాలుస్తుంది, కన్ను తీసేస్తుంది. కానీ నేను చూసిన దెబ్బలన్నీ ప్లాంట్ బద్దలై తగిలినవి కావు. సాంపిల్ పట్టేటప్పుడు, పంపు గ్లాండ్ (కారకుండా ఆపే బిగింపు) దగ్గర వంగి చూసేటప్పుడు, ఖాళీ అనుకుని ఫ్లాంజ్ (పైపుల బోల్టు అతుకు) విప్పేటప్పుడు, ట్యాంకర్ గొట్టం ఊడదీసేటప్పుడు, అంటే తొందరపడ్డ చోట. డయాక్సైడ్ వాయువు అగ్గిపుల్ల గీసినప్పటి ఘాటులా ముక్కును ముందే కొట్టి హెచ్చరిస్తుంది, ఆ ఒక్క మర్యాద దానికుంది. ఉబ్బసం ఉంటే మాత్రం ఈ ఉద్యోగం వద్దు, ఇది గట్టిగా చెప్తున్నా.

ఒంటి మీద యాసిడ్ పడితే నీళ్లే మందు, అదీ కొంచెం కాదు. షవర్ కింద బట్టలు విప్పేసి ఇరవై నిమిషాలు, కంట్లో పడితే రెప్పలు విప్పి పట్టుకుని అంతసేపూ, ఆపైన ఆసుపత్రి. సున్నం, సోడా, నూనె రాయమని ఎవరన్నా చెబితే వినొద్దు. షిఫ్ట్ ఎక్కగానే సేఫ్టీ షవర్ గొలుసు లాగి చూడు, నీళ్లు రాకపోతే సాంపిల్ పట్టను అని చెప్పెయ్. కొత్తవాడివని నవ్వుతారు, నవ్వనీ.

బట్టల సంగతి ఎవరూ చెప్పరు కాబట్టి నేనే చెప్తా. నూలు చొక్కాలు వేసుకుపోవద్దు. కంటికి కనబడని తుంపర పడుతుంది, సాయంత్రం చూస్తే చొక్కా బాగానే ఉంటుంది, ఉతికి ఆరేస్తే జల్లెడ. మా ఆవిడ మొదటి ఆరునెలలు చాకలిని తిట్టింది పాపం. పాలిస్టర్ రెండు జతలు కుట్టించుకో, ప్యాంటు బూట్ల పైనుంచి దిగేటట్టు, బూట్లలోకి దోపొద్దు, దోపితే కారింది లోపలికే పోతుంది.

చేరేలోపల పుస్తకం కంటే ముందు ఆవిరి పట్టికలు (స్టీమ్ టేబుల్స్) చదవడం, టైట్రేషన్ చేతికి తెచ్చుకోవడం చెయ్యి. చేరాక మొదటి నెలలో రోజూ తెల్లవారుజామున ఐదున్నరకు బయటికొచ్చి చిమ్నీ చూడు, ఆకాశం వెనకాల కాస్త తేరుకుంటూ ఉండగా. బాగా నడిచే ప్లాంట్‌కి ఏమీ కనబడదు. తెల్లటి తోక కనబడితే అది సరిగ్గా చిమ్నీ మూతి దగ్గరే మొదలవుతోందా, లేక కాస్త ఖాళీ వదిలి పైన మొదలవుతోందా గమనించు. మూతికి అంటుకుని ఉంటే లోపలే కట్టిన మంచు, తేమ ఎక్కడో దూరుతోంది. ఖాళీ వదిలి మొదలైతే ట్రయాక్సైడ్ టవర్ దాటి తప్పించుకుని బయటి తేమలో కలుస్తోంది, అప్పుడు టవర్ యాసిడ్ చిక్కదనం, వేడి, పంపు చూసుకోవాలి. ఫోటో తియ్యనివ్వరులే. కళ్లతో చూసింది కాగితం మీద రాసుకుని, ఆ రోజు మధ్య టవర్, చివరి టవర్ శాతాలు పక్కన వేసి నాకు పంపు, ఇద్దరం కూర్చుని చూద్దాం.